మందు లేకుండా నల్లిని తట్టుకునే తేనెటీగలు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది ఏలూరు దగ్గర. 40 ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు ఉన్నాయి. ఈగల్నీ వాటి పిల్లల్నీ పట్టి పీల్చే వరోవా నల్లికి ఏటా మందు స్ట్రిప్పులు పెడుతున్నా కిందటేడు 11 పెట్టెలు పోయాయి, ఇప్పుడూ రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు పెట్టెల ముందు పాకుతున్నాయి. విదేశాల్లో మందు మానేసి, బతికిన వాటి నుంచే గట్టి సంతతి తయారు చేశారని చదివాను. నేనూ మానేయవచ్చా?

జవాబు: ఈ ఏడాది మాత్రం మానేయకండి, దయచేసి. మీరు చదివింది నిజమే, కానీ దానికి వాళ్లు చెల్లించిన ధర కూడా తెలుసుకోవాలి. స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో దక్షిణపు కొసన 1999లో 150 పెట్టెలు పెట్టి, నల్లిని వాటిలోకి వదిలి, ఏ మందూ ఇవ్వకుండా ఊరుకున్నారు. మూడేళ్లలో నూటికి 80కి పైగా పెట్టెలు చచ్చిపోయాయి. మిగిలిన కొద్దిపాటివి నిలదొక్కుకుని ఏళ్ల తరబడి మందు లేకుండానే బతికాయి, అయితే అవి చిన్న గుంపులు, తేనె కోసం పెంచేవాళ్లు కోరుకునేంత బలం వాటికి లేదు. పైగా అది చుట్టూ సముద్రం ఉన్న చోటు, బయటి పోతు ఈగలు వచ్చి కలవడానికి వీల్లేదు. మీకు ఆ వసతి లేదు. మీ 40లో 32 పోతే మిగిలిన 8 మంచి వంశం అవుతాయన్న హామీ కూడా లేదు, ఎందుకంటే ఆ 8 కేవలం అదృష్టం కొద్దీ బతికి ఉండవచ్చు. ఇంకో విషయం, చస్తున్న పెట్టెలో తేనె దోచుకోవడానికి పక్క పెట్టెల ఈగలు వస్తాయి, వాటి ఒంటి మీద నల్లి మీ మిగతా పెట్టెల్లోకీ పక్క రైతు పెట్టెల్లోకీ చేరుతుంది. అందుకే ఏమీ చేయకుండా చావనివ్వడం నాకు అస్సలు నచ్చదు.

అలాగని ఒకే మందు ఏటా పెట్టడమూ దారి కాదు. ఫ్లువాలినేట్ అనే నల్లి మందు స్ట్రిప్పులకు చావని నల్లి 1990లలోనే ఇటలీలో, తర్వాత అమెరికాలో బయటపడింది. మీ స్ట్రిప్పులు పని చేయకపోవడానికి అది ఒక కారణం కావచ్చు, మందు పెట్టే ముందూ తర్వాతా నల్లిని లెక్కపెడితేనే తెలుస్తుంది. నేను చెప్పేది మధ్య దారి: నల్లి ఎక్కువున్న పెట్టెకు మందు ఇచ్చి బతికించండి, కానీ దాని రాణిని మార్చేయండి. నల్లి తక్కువున్న పెట్టె నుంచే కొత్త రాణుల్ని తీయండి. ఈగ చావనక్కర్లేదు, ఆ రాణి వంశం ముందుకు పోకపోతే చాలు.

ప్రశ్న: ఏ పెట్టె మంచిదో ఎలా గుర్తుపట్టాలి? తేనె ఎక్కువిచ్చేదే కదా గట్టిది?

జవాబు: తేనె ఒక్కటే చూస్తే పొరపాటు పడతారు. తేనె బాగా ఇచ్చిన పెట్టెలో పిల్లలు ఎక్కువ, పిల్లలు ఎక్కువైతే నల్లికి చోటూ ఎక్కువ. ముందు నల్లి బతుకు ఎలా సాగుతుందో చూడండి. తల్లి నల్లి, తేనెపట్టులో ఈగ పిల్ల పెరిగే గదికి మూత పడే కాస్త ముందు లోపలికి దూరుతుంది, మూత పడ్డాక దాదాపు మూడు రోజులకు మొదటి గుడ్డు పెడుతుంది, అది మగది, ఆ తర్వాత సుమారు 30 గంటలకొకటి చొప్పున ఆడ గుడ్లు. ఈగ బయటికి వచ్చేసరికి ఎదిగిన పిల్ల నల్లులే బతుకుతాయి, కూలి ఈగ గదిలో అయితే ఒకటో రెండో. అంటే మూత కింద ఉన్న ఆ పన్నెండు రోజుల్లో ఈగలు జోక్యం చేసుకోగలిగితే నల్లి సంతానం ఆగిపోతుంది. కొన్ని పెట్టెల ఈగలు మూత పైనుంచే వాసన పట్టి, గది తెరిచి, నల్లి పట్టిన పిల్లను లాగి పారేస్తాయి. తల్లి నల్లి తప్పించుకున్నా దాని పిల్లలు చస్తాయి. అమెరికాలో బేటన్ రూజ్ ప్రయోగశాలలో జాన్ హార్బో, జెఫ్రీ హారిస్ ఈ గుణం మీదే ఒక వంశాన్ని తయారు చేశారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో మార్లా స్పివాక్ చచ్చిన పిల్లల్ని త్వరగా తీసేసే శుభ్రత గుణాన్ని ఎంచి పెంచారు.

మీరు చేయగలిగింది ఇది. పిల్లలున్న ఫ్రేము (పెట్టెలో తేనెపట్టు ఉండే చట్రం) నుంచి అర కప్పు ఈగలు తీసుకోండి, దాదాపు 300 ఉంటాయి. ముందు రాణి ఆ ఫ్రేము మీద లేదని రెండుసార్లు చూసుకోండి! 2–3 మిల్లీమీటర్ల కన్నున్న జాలి మూత బిగించిన సీసాలో వేసి, రెండు చెంచాల పంచదార పొడి చల్లి, మెల్లగా దొర్లించి, రెండు నిమిషాలు ఆగి తెల్ల పళ్లెం మీద దులపండి. దోమల జాలి పనికిరాదు, నల్లి సరిగా రాలదు. రాలిన నల్లిని లెక్కపెట్టి మూడుతో భాగిస్తే నూటికి ఎన్నో వస్తుంది. 3 దాటితే వైద్యం ఆలస్యం చేయకండి. ఈగలు చావవు, మళ్లీ పెట్టెలో పోసేయవచ్చు. కాకపోతే ఇది పెద్ద ఈగల మీదున్న నల్లి లెక్క మాత్రమే, పిల్లలున్న కాలంలో ఎక్కువ నల్లి మూతల కిందే ఉంటుంది. అందుకే నెలకోసారి చూసి, ఏ పెట్టెలో పెరుగుతోంది, ఏ పెట్టెలో నిలకడగా ఉంది అని నోట్‌బుక్‌లో రాసుకోండి. ఒక్కసారి చూసిన లెక్కను నమ్మి రాణిని ఎంచకండి.

తక్కువ లెక్క వచ్చిన పెట్టెల్లో శుభ్రత పరీక్ష చేయండి. మూత వేసిన పిల్లలున్న తేనెపట్టు ముక్క కోసి, ఒక రోజు ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టి, మళ్లీ ఫ్రేములో అమర్చండి. 24 గంటల తర్వాత నూటికి 95 గదులు ఖాళీ చేసిన పెట్టె మంచిది. మేత బాగా వచ్చే రోజుల్లో అన్ని పెట్టెలూ బాగానే చేసినట్టు కనిపిస్తాయి కాబట్టి రెండుసార్లు చేయండి. సూదితో పిల్లల్ని పొడిచే పద్ధతి సులువే, కానీ కారిన రసం వాసనకు సాధారణ ఈగలు కూడా స్పందిస్తాయి.

ఇక అసలు కష్టం పోతు ఈగల దగ్గర ఉంది. రాణి గాలిలో ఎగురుతూ 10 నుంచి 20 పోతులతో కలుస్తుంది, అవి ఎవరి పెట్టెలవో మీకు తెలియదు. మంచి పెట్టెల్లో పోతు పిల్లల్ని పెరగనివ్వండి, నల్లి ఎక్కువున్న వాటిలో మూత పడగానే కోసేయండి, వీలైతే చుట్టుపక్కల పెంపకందారులకూ మీ రాణుల్ని ఇవ్వండి. ఒంటరిగా చేస్తే రెండు తరాల్లోనే గుణం పలచబడుతుంది.

ప్రశ్న: మా అరకులో పుట్ట తేనెటీగలకు ఈ బెడద లేదు. వాటిని ఇటాలియన్‌తో సంకరం చేయకూడదా?

జవాబు: కుదరదండీ. రెండూ వేరే జాతులు, కలిసినా గుడ్డు తొలి దశలోనే చనిపోతుంది. నిజానికి ఈ నల్లి మొదట మీ పుట్ట తేనెటీగదే. వాటిలో అది ఎక్కువగా పోతు పిల్లల మీదే పెరుగుతుంది, కూలి ఈగ పిల్లకు పడితే ఆ పిల్ల తొందరగా చచ్చి, ఈగలు దాన్ని బయట పడేస్తాయి, నల్లితో బలహీనపడ్డ పోతు పిల్ల మూత తెరుచుకోలేక లోపలే చస్తే దానితో పాటు నల్లీ సమాధి అవుతుంది. ఇటాలియన్‌కు ఆ పాత సంబంధం లేదు. మన దేశంలో ఇటాలియన్ ఈగ హిమాచల్‌లోని నగ్రోటాలో 1962లో స్థిరపడింది, అంటే నల్లితో దాని పరిచయం చాలా కొత్తది. మీరు వలిసెల పూతకు పుట్ట తేనెటీగలే పెంచుతున్నట్లయితే వాటినే ఉంచుకోండి, 1991–92లో దక్షిణాది అంతా దెబ్బ తీసిన థాయ్ సాక్‌బ్రూడ్ అనే, ఈగ పిల్లల్ని చంపే వైరస్ మీద మాత్రం కన్నేయండి.

ప్రశ్న: విదేశాల నుంచి అలాంటి రాణుల్ని తెప్పించుకుంటే?

జవాబు: వద్దు. ఈగల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్లడం వల్లే ఈ నల్లి ప్రపంచమంతా పాకింది. అనుమతీ క్వారంటైనూ లేకుండా కవర్లో తెప్పించిన రాణితో ఏ కొత్త రోగం వస్తుందో ఎవరూ చెప్పలేరు. పైగా మన దగ్గర ఇటాలియన్ పెట్టెలకు కొండ తేనెటీగ నుంచి వచ్చే ట్రోపిలెలాప్స్ అనే ఇంకో నల్లి ఉంది, సన్నగా, ఎర్రగా, ఫ్రేము మీద చురుగ్గా పరిగెడుతుంది. అమెరికా రాణిని దాని కోసం ఎవరూ ఎంచలేదు. మన పెట్టెల్లో రెండు నల్లుల మధ్యా బతికి చూపించిన వాటి నుంచే మొదలుపెట్టండి.