టీనోస్ దీవి పండుగకు వెళ్లే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఆగస్టులో మీ ఓడ గ్రీసులోని పిరేయస్ రేవులో ఆగుతుందనీ, సెలవు దొరికితే 15వ తేదీన టీనోస్ దీవిలో జరిగే మరియమాత నిర్యాణ పండుగ చూడాలని ఉందనీ వ్రాశావు. తప్పకుండా వెళ్లు. అయితే 14వ తేదీ ప్రయాణాన్ని మాత్రం నమ్ముకోకు. ఆ నెలలో ఏజియన్ సముద్రం మీద మెల్తెమి అనే ఉత్తరపు గాలి, ఆకాశంలో మబ్బు తునకైనా లేకుండానే విరుచుకుపడుతుంది. అది మరీ ముదిరితే ప్రయాణికుల ఓడలను రేవు దాటనివ్వరు. నేను మొదటిసారి, టీనోస్‌కు ఓడలు బయలుదేరే రఫీనా రేవులో సంచి తల కింద పెట్టుకుని రెండు రాత్రులు పడుకుని, పండుగ ముగిశాక దీవిలో దిగాను. అందుచేత 12వ తేదీకే చేరుకో, బస ఇప్పుడే మాట్లాడుకో.

రేవు నుంచి చర్చి వరకు సుమారు 800 మీటర్ల ఎత్తుదారి. దాని అంచున పరిచిన తివాచీ మీద మొక్కుకున్నవారు మోకాళ్లతో పాకుతూ ఎక్కుతారు. తిరుమల మెట్లదారిలో మోకాళ్ల పర్వతం ఎక్కేవారు నీకు గుర్తుకు వస్తారు. వారికి ఎదురుగా నిలబడి ఫోటోలు తీయకు. తన ఎత్తున్న కొవ్వొత్తి పట్టుకున్న ఒక ముసలామె, పది అడుగులకోసారి ఆగి అరచేతికి అంటిన ఇసుక దులుపుకుని మళ్లీ కదలడం, కొడుకు ఆమె మీద ఎండ పడకుండా గొడుగు పట్టి పక్కనే నడవడం నేను చూశాను. అటువంటివారికి దారి ఇవ్వు, అంతే చాలు.

చర్చిలోని మరియమాత పటాన్ని దర్శించడానికి 13వ తేదీ తెల్లవారుజామునే వెళ్లు. పెలాగియా అనే సన్యాసిని 1822లో కన్న స్వప్నదర్శనాల ప్రకారం తవ్వితే, 1823 జనవరి 30న దొరికిన పటం అది. నగల మధ్య అసలు చిత్రం కనిపించడమే కష్టం. దర్శనమయ్యాక తల ఎత్తి చూడు. దీపాల కింద వెండి ముడుపులు వేలాడుతుంటాయి. వాటిలో ఒక ఓడకు అడుగున చేప ఇరుక్కుని ఉంటుంది: తుపానులో చిల్లుపడిన ఓడలోని నావికులు అమ్మను వేడుకోగా, చేప వచ్చి ఆ చిల్లుకు అడ్డుపడి కాపాడిందని చెప్పుకుంటారు. వేటకు వెళ్లేముందు గంగమ్మకు మొక్కే మన విశాఖ మత్స్యకారులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఓడ బతుకు బతికేవాడివి గనుక అక్కడ కాసేపు నిలబడు.

పండుగ రోజున చర్చి దగ్గర తోపులాటలో చిక్కుకోక రేవు వైపే ఉండు. పటాన్ని ఊరేగింపుగా అక్కడికే తెస్తారు. అది తమ మీదుగా వెళ్లాలని జనం దారిలో వరుసగా పడుకుంటారు. 1940లో, ఇటలీతో ఇంకా యుద్ధమే లేనప్పుడు, ఇదే రోజు ఉదయం ఈ రేవులోనే ఇటలీ జలాంతర్గామి ఎల్లీ అనే గ్రీకు యుద్ధనౌకను ముంచింది. ఆ నావికులను తలచుకునే వేళ టోపీ తీసి మౌనంగా నిలబడు.

చిన్న సీసా ఒకటి వెంట ఉంచుకో. చర్చి కింది మందిరంలో ఊటనీటిని తీర్థంగా పట్టుకోవచ్చు. నేను తెచ్చినదాన్ని మీ అమ్మ ఇప్పటికీ దేవుడి గూట్లోనే ఉంచింది.