సమ్మర్ ల్యాబ్‌లో చేసిన అమ్మాయికి మెడికల్ స్కూల్ లెటర్: పెద్ద ప్రొఫెసర్‌ని అడగాలా, పని నేర్పినవాళ్లనా?

మీ అమ్మాయి పోయిన వేసవిలో అమెరికాలో ఒక పేరున్న ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేసింది, ఆయనతో మాట్లాడింది తక్కువే, పనంతా ఒక పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో రీసెర్చ్ చేసే మనిషి) నేర్పింది, ఇప్పుడు మెడికల్ స్కూల్‌కి సిఫారసు లెటర్ ఎవరిని అడగాలి అన్నారు. నేను బోస్టన్‌లో ఒక న్యూరోసైన్స్ ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌ని. ఏటా జూన్‌లో వచ్చే అండర్‌గ్రాడ్ పిల్లలకి పని నేర్పేది నేనే, వాళ్ల లెటర్లు ముందుగా రాసేదీ నేనే. కాబట్టి గట్టిగా చెప్తున్నాను: పోస్ట్‌డాక్‌ని రాయమనండి, ఇద్దరినీ సంతకం పెట్టమనండి. ల్యాబ్‌ల్లో ఇది మామూలే, ఎవరూ తప్పు పట్టరు.

రెండేళ్ల క్రితం వేసవిలో ఒకమ్మాయి వచ్చింది. ఎలుక మెదడు ముక్కల స్లైడ్‌లు మైక్రోస్కోప్ కింద పెట్టి, రంగు పట్టిన కణాల్ని లెక్కపెట్టడం తన పని. సగం స్లైడ్‌లు మందు ఇచ్చిన ఎలుకలవి, సగం ఇవ్వనివి. మొదటి విడత పైపైన చూసుకోవడానికే కాబట్టి లేబుళ్లు మూయలేదు. మందు ఇచ్చిన ఎలుకల్లో కణాలు బాగా ఎక్కువ కనిపించాయి. ల్యాబంతా సంతోషంగా ఉంది. ఒకరోజు సాయంత్రం అందరూ వెళ్లిపోయాక నా దగ్గరికొచ్చి, ఏ స్లైడ్ ఏ గుంపుదో తనకి తెలిసిపోతోందని, సరిగ్గా రంగు పట్టని కణం వస్తే ఒక గుంపులో లెక్కలో వేసి ఇంకో గుంపులో వదిలేస్తున్నానేమోనని భయంగా ఉందని చెప్పింది. లేబుళ్ల మీద టేప్ వేసి నంబర్లు ఇమ్మంది, ఏ నంబరు ఏ గుంపో రాసిన కాగితం నన్ను దాచమంది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. తేడా బాగా తగ్గింది. ల్యాబ్ మీటింగ్‌లో రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూపించింది, దేనికీ సాకులు చెప్పలేదు.

తను వెళ్లిపోయే లోపలే లెటర్ అడిగింది. ఆ వారమే కూర్చుని ఈ సంగతంతా రాశాను. మా ప్రొఫెసర్ ఆ ల్యాబ్ మీటింగ్ గురించి తన మాటల్లో రెండు వాక్యాలు చేర్చి సంతకం పెట్టారు. డాక్టర్‌ కావాలనుకునే పిల్లల గురించి ఇంతకంటే చెప్పాల్సింది ఏముంటుందండీ? తనకి నచ్చిన ఫలితాన్ని తనే అనుమానించే మనిషి చేతిలో రోగి క్షేమంగా ఉంటాడు. 'సమయానికి వచ్చేది, అందరితో కలిసిపోయేది, కష్టపడేది' అని పెద్ద పేరున్నాయన రాసిన నాలుగు లైన్లు చదివేవాళ్లకి గుర్తుండవు.

మనవాళ్లు ప్రొఫెసర్ పేరు కోసం ఎందుకంత తాపత్రయపడతారో నాకు బాధగా ఉంటుంది. కొందరు తల్లిదండ్రులు నేరుగా నాకే మెయిల్ పెడతారు, 'మా అబ్బాయికి స్ట్రాంగ్ లెటర్ ఇవ్వండి' అని. దయచేసి ఆ పని చెయ్యకండి. ఇరవై ఏళ్లు దాటిన పిల్లలు తమ లెటర్ తాము అడగలేకపోతే, ఆ సంగతే మాకు గుర్తుండిపోతుంది.

ఇంకొకటి. మనలో చాలామంది ఎంఎస్‌కి అప్లై చేసేటప్పుడు హెచ్‌ఓడీ దగ్గరికెళ్తే 'నువ్వే టైప్ చేసుకుని రా, సంతకం పెడతా' అన్నారు. ఆ అలవాటుతోనే పిల్లల చేత లెటర్ రాయిస్తున్నారు కొందరు. మెడికల్ స్కూల్ లెటర్ విద్యార్థి చూడకుండా నేరుగా వెళ్లాలి. చూసే హక్కు వదులుకుంటున్నానని ముందే ఒప్పుకోవడం మంచిది, లేకపోతే చదివేవాళ్లు ఆ లెటర్‌ని నమ్మరు. మీ అమ్మాయి పంపాల్సింది లెటర్ కాదు, వివరాలు: ఏ తేదీల్లో చేసింది, ఏ ప్రయోగం, పోస్టర్ వేస్తే దాని ఫైల్, రెజ్యూమె, పర్సనల్ స్టేట్‌మెంట్ చిత్తుప్రతి.

ఇక మిగతా సంగతులు. ఆమ్‌కాస్‌లో (అమెరికా మెడికల్ స్కూళ్లకి ఒకేచోట అప్లై చేసే పద్ధతి) పది లెటర్ల వరకూ పెట్టొచ్చు, కానీ ల్యాబ్ లెటర్ అదనం మాత్రమే. చాలా స్కూళ్లు క్లాసులో పాఠం చెప్పిన సైన్స్ ప్రొఫెసర్ల లెటర్లు రెండు అడుగుతాయి, వాటి బదులు ఇది చెల్లదు. ఎండీ-పీహెచ్‌డీకి (డాక్టర్ చదువు, రీసెర్చ్ డిగ్రీ రెండూ కలిపి) వెళ్లేవాళ్లకి మాత్రం రీసెర్చ్ మెంటర్ల లెటర్లే ప్రాణం. లెటర్‌హెడ్, సంతకం తప్పకుండా ఉండాలి. అప్లికేషన్ మే చివర్లోనో జూన్ మొదట్లోనో సబ్మిట్ చెయ్యొచ్చు. లెటర్లు రాలేదని ఆపుకోనక్కర్లేదు, అవి తర్వాత చేరినా ఆమ్‌కాస్ వాళ్లు అప్లికేషన్ సరిచూసుకునే వెరిఫికేషన్ ఆగదు. అయినా అడగడం ఫిబ్రవరి దాటనివ్వకండి. అప్లికేషన్ వచ్చే ఏడాదికైతే ఇప్పుడే రాయించి ఇంటర్‌ఫోలియోలో (లెటర్లు భద్రపరిచి పంపే ఆన్‌లైన్ సర్వీసు) దాచుకోవచ్చు.

వేసవి అయిపోయి నెలలు గడిచాయి, గుర్తుంటుందా అన్నారు. గుర్తుంటుంది. మీ అమ్మాయి రాసిన నోట్‌బుక్ ల్యాబ్‌లోనే ఉంటుంది, మేం తెరిచి చూస్తాం. తను చేసిన ఒక్క ప్రయోగం పేరు మెయిల్‌లో గుర్తుచేస్తే చాలు. నాకున్న భయం వేరే. పోస్ట్‌డాక్‌లం ఒకచోట ఎక్కువకాలం ఉండం, వీసానో, ఫండింగో, కొత్త ఉద్యోగమో మమ్మల్ని లేపి పంపించేస్తుంది. మీ అమ్మాయికి నేర్పిన పోస్ట్‌డాక్ ఇంకా అక్కడుండగానే, ఈ వారమే మెయిల్ పెట్టమనండి. ఆ మెయిల్‌లోనే ప్రొఫెసర్‌ని కూడా సీసీలో పెట్టమనండి, రేపు ఆ పోస్ట్‌డాక్ వేరే ఊరెళ్లినా సంతకానికి ఆయన ఉంటారు.