విలన్ కనపడకపోయినా ఆనవాలు కనపడాలి

మీ నవలలో సగం దాకా ఉగ్రవాది కనిపించడు, అందుకే మధ్యలో టెన్షన్ జారిపోతోందన్నారు కదండీ. అతన్ని ముందుకు లాక్కురావద్దు. దాక్కోవడం వల్లే బయటపడే ఆనవాళ్లు చూపించండి. 2011లో పాకిస్తాన్‌లోని అబొట్టాబాద్‌లో బిన్ లాడెన్ ఉన్న ఇల్లు చూడండి: అంత పెద్ద ఇంటికి ఫోన్ లేదు, ఇంటర్నెట్ లేదు, ఇరుగుపొరుగు చెత్త బయట పెడితే వీళ్లు లోపలే కాల్చేసేవారు. అనుమానం పుట్టించింది అదే! అక్కడిదాకా దారి చూపింది అతని కబుర్లు చేరవేసే మనిషి, అంటే కొరియర్. మీ కథలోనూ అలాంటి మనిషిని పెట్టి, ఉగ్రవాదిని వెతికే మీ ఆఫీసర్‌ని అతని వెంట నడిపించండి. అబొట్టాబాద్ ఇంట్లో ఉన్నది బిన్ లాడెనేనని అమెరికా దాడికి ముందు ఎవరూ ఖాయంగా చెప్పలేకపోయారు. ఆ సందేహం మీ ఆఫీసర్‌కీ ఉండనివ్వండి. పదో అధ్యాయంలో ఉపగ్రహ చిత్రంతో తేల్చేసిన సీన్ మాత్రం తీసేయండి.