ప్రేమ నవలలో రహస్యం ఎంతవరకు ఉండవచ్చు?

మీ నవలలో నాయిక విశాఖపట్నంలోని ఒక గ్రంథాలయంలో పనిచేస్తుందనీ, ఆమెకు పేరు లేని ఉత్తరాలు వస్తుంటాయనీ, కథ సగానికి వచ్చేసరికి ఆ ఉత్తరాల సంగతే పెరిగిపోయి ప్రేమకథ పక్కకు జరిగిందనీ రాశారు. ఇటువంటి నవల ఒకటి నేను ఒక పత్రికకు సీరియల్‌గా రాశాను కనుక ఆ అనుభవంతో చెబుతున్నాను. రహస్యానికి కేటాయించిన పేజీలు తగ్గించినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. ఆ రహస్యం తెలిసిన మనిషి నాయకుడే అయి, చెబితే ప్రేమ చెడుతుందన్న భయం అతనికి నిజంగా ఉంటే, అది ఎన్ని పేజీలు నడిచినా పాఠకులు దాన్ని ప్రేమకథగానే చదువుతారు.

నా కథ కాకినాడలో జరుగుతుంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న నాయిక, చనిపోయిన అమ్మమ్మ ఇంటిని అమ్మడానికి వస్తుంది. ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న ఇంటికి పన్ను బకాయిలు పేరుకుపోయి ఉంటాయనుకుని మున్సిపల్ కార్యాలయానికి వెళితే, పైసా బకాయి లేదని గుమాస్తా చెబుతాడు. కట్టినదెవరో రసీదులను బట్టి తెలియదు, ఎందుకంటే వాటి మీద ఉన్నది అమ్మమ్మ పేరే, పన్ను కోసం ఇంటికి ఇచ్చే అసెస్‌మెంట్ నంబరు తెలిసినవారు ఎవరైనా ఆ పన్ను కట్టవచ్చు. అయితే రసీదులన్నీ ఏప్రిల్ నెలవి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు చెల్లిస్తే ఆంధ్రప్రదేశ్‌లో 5 శాతం రాయితీ వస్తుంది. పరాయి ఇంటికి పన్ను కడుతూ కూడా ఆ రాయితీని వదులుకోని మనిషి ఎవరు? అంతకుముందు అధ్యాయంలోనే, ఎదురింట్లో ఉండే నాయకుడు టీ కొట్టు దగ్గర రావలసిన రెండు రూపాయల కోసం నిలబడి ఉండడం చూసి నాయిక నవ్వు ఆపుకోలేకపోతుంది. పాఠకులు ఆ సన్నివేశాన్ని సరసంగా చదివి ముందుకు వెళ్లిపోయారు, నాకు కావలసిన ఆధారం మాత్రం అక్కడే ఉండిపోయింది. పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని పాఠకుడికి వెంటనే చూపాలని ఆంగ్ల రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు పెట్టిన పది నియమాలలో ఒకటి చెబుతుంది. ప్రేమ నవల రాసేవారికి ఆ పదింటిలో ఇదొక్కటి చాలునని నా అభిప్రాయం.

అతను ఎందుకు చెప్పలేదన్నది అన్నిటికన్నా కష్టమైన భాగం. అమ్మమ్మ బతికుండగా నాయకుడి తండ్రి దగ్గర బయానా తీసుకుని, ఇల్లు అమ్ముతానని స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసిచ్చింది. ఇక నుంచి పన్ను తానే కడతానని ఆయన మాట ఇచ్చాడు. రిజిస్ట్రేషను జరగకుండానే ఇద్దరూ పోయారు, తండ్రి ఇచ్చిన మాటను కొడుకు నిలబెడుతూ వస్తున్నాడు. రిజిస్టరు కాని అగ్రిమెంటు ఈసీలోకి, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే పత్రంలోకి, ఎక్కదు కనుక నాయిక తీయించిన ఈసీలో ఏ చిక్కూ కనిపించదు. అతను మొదటి రోజే నోరు విప్పితే ఇల్లు అడగడానికి వచ్చినట్టు ఉంటుంది, పరిచయం పెరిగాక చెబితే ఇంటి కోసమే దగ్గరయ్యాడని ఆమె అనుకుంటుంది. రోజు గడిచేకొద్దీ ఆ మౌనానికి కారణం బలపడుతూనే ఉండాలి. ఒక్క ఫోను చేసి అడిగితే విడిపోయే అపార్థం మీద వారాల తరబడి నడిచిన సీరియళ్లను మనమందరం చదివాం, ఇప్పటి పాఠకులకు అంత ఓపిక లేదు, ఉండనవసరం కూడా లేదు.

రహస్యాన్ని చివరి అధ్యాయం దాకా లాగకండి. ప్రతి వారం చివర ఉత్కంఠ ఉండాలన్న ఉద్దేశంతో మా సంపాదకుడు దాన్ని ముగింపు దాకా సాగదీయమన్నారు. నేను మాత్రం మూడింట రెండు వంతుల దగ్గరే విప్పేశాను: అతను అగ్రిమెంటు కాగితాన్ని ఆమె చేతిలో పెట్టి, ఏమీ అడగకుండా దుకాణానికి వెళ్లిపోతాడు. అమ్మకపు ఒప్పందం ప్రకారం రిజిస్టరు చేయించమని దావా వేయడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు, రిజిస్ట్రేషనుకు తేదీ రాసుకుంటే ఆ తేదీ నుంచి లెక్క. ఆ గడువు ఎప్పుడో దాటిపోయిందనీ, కాగితం కోర్టులో నిలవదనీ వకీలు చెప్పిన తరువాత, అమ్మమ్మ ఇచ్చిన మాటకు విలువ ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా నాయిక చేతిలో పడుతుంది. మిగిలిన కథంతా ఆ నిర్ణయం గురించే, అంటే వాళ్లిద్దరి గురించే. అందులో పోలీసులు లేరు, హత్య లేదు, వాటి అవసరమూ రాలేదు.

ఇక మీ ఉత్తరాల సంగతి. అవి నాయకుడే రాస్తున్నాడని పెట్టుకుని ఉంటే రెండో ఉత్తరానికే అందరూ పసిగడతారు. అంతకన్నా పెద్ద ఇబ్బంది, ఒంటరిగా పనిచేసే ఆడపిల్లకు పేరు లేని ఉత్తరాలు రావడం ఈ రోజుల్లో ప్రేమలా కనిపించదు, వేధింపులా కనిపిస్తుంది. ఆ ఉత్తరాలు ఆమెకు రాసినవి కాకుండా, తిరిగి వచ్చిన పాత పుస్తకాల మధ్య దొరికే వేరెవరివో అయితే ఆ భయం ఉండదు. వాటిలోని దస్తూరీని నాయకుడు చూడగానే గుర్తుపట్టి, ఏమీ తెలియనట్టు పుస్తకం మూసేయాలి. అది తన తల్లి దస్తూరీ అయి, ఉత్తరాలు తన తండ్రికి రాసినవి కాకపోతే, అతను నోరు మెదపకపోవడానికి మీరు వేరే కారణం వెతకనక్కరలేదు.