కొడుక్కి కాలేజీ ఫీజు, కూతురికి నగల స్కీమా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా ఆయనకు బట్టల అంగడి ఉంది, ఖర్చులు పోను నెలకు 45,000 వస్తుంది. అబ్బాయి ఈ ఏడాది చెన్నైలో బీటెక్ మూడో సంవత్సరం. వాడికి ఏటా రెండున్నర లక్షలు కడుతున్నాం. పాపకు ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది, అనంతపురం జేఎన్‌టీయూలో సీటు రావచ్చు. హాస్టల్‌తో కలిపి ఏడాదికి 1,20,000 అవుతుందని లెక్క వేశాం. 'ఎంత చదివించినా ఇంకో ఇంటికి పోయే పిల్ల, ఇక్కడే డిగ్రీలో చేర్పిద్దాం' అంటున్నారు మా ఆయన. పెళ్లికని 22 తులాల బంగారం ఉంది. నెలకు 5,000 నగల స్కీమ్ కూడా కడుతున్నాం, ఇంకా రెండు వాయిదాలు ఉన్నాయి. భూమి వాడికి, బంగారం పాపకు అని ఇంట్లో ఎప్పుడో అనుకున్నారు. బంగారం ముట్టుకోకుండా పాపను చదివించే దారి ఉందా?

జవాబు: ఉందమ్మా. తులం కూడా అమ్మక్కర్లేదు.

మీ జాబు చదివి కాగితం మీద రెండు గడులు గీశాను. అబ్బాయి గడిలో 'ఫీజు, హాస్టల్' అని వచ్చింది, పాప గడిలో 'నగలు, స్కీమ్' అని వచ్చింది. అంటే పాప కోసం మీరు నెలనెలా డబ్బు తీస్తూనే ఉన్నారు, కాకపోతే అదంతా పెళ్లి పేరుతోనే పోతోంది. ఉన్న రెండు వాయిదాలూ కట్టేసి నగ తీసుకోండి, మళ్లీ స్కీమ్‌లో చేరకండి. ఆ 5,000 ఏడాదికి 60,000 అవుతుంది. పాప చదువు ఖర్చులో అది సరిగ్గా సగం.

మిగతా 60,000 విద్యా రుణం తీసుకోండి. 4 లక్షల వరకు బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడగవు. ఆడపిల్లలకు చాలా బ్యాంకులు వడ్డీలో అర శాతం తగ్గిస్తాయి కూడా, అడిగి రాయించుకోండి. వడ్డీ 9.5 శాతం అనుకున్నా మొదటి ఏడాది నెలకు 475, రెండో ఏడాది 950 పడుతుంది. అది ఎప్పటికప్పుడు కట్టేస్తే అప్పు పెరగదు. మూడో ఏడాది నుంచి అప్పే అక్కర్లేదు. అప్పటికి అబ్బాయి చదువు అయిపోతుంది, వాడికి కడుతున్న రెండున్నర లక్షలు మీ చేతిలోనే ఉంటాయి. మొత్తం అప్పు 1,20,000 దాటదు. ఈ లెక్క మీ వారికి చూపించండి. రెండేళ్లు కాస్త బిగబట్టుకుంటే చాలు. మీ ఆదాయానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందని నేను అనుకోలేదు, కాబట్టి దాన్ని లెక్కలో వేయలేదు.

బంగారం గురించి ఒక మాట. నగ కొన్నప్పుడు కట్టిన తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ అమ్మేటప్పుడు తిరిగి రావు. అంతకంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. ముప్పై తులాలు పెట్టించుకుని అత్తారింటికి వెళ్లిన ఆడవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. కుట్టుమిషను కొనడానికి 15,000 కావాలంటారు. నగలు తాకట్టు పెట్టొచ్చు కదా అంటే, బీరువా తాళం అత్త దగ్గర ఉందంటారు. సొంత సంపాదన లేదు కాబట్టి ఏ బ్యాంకుకు వెళ్లాలన్నా భర్త సంతకం కోసం చూస్తారు. మీ పాపను ఆ స్థితిలో పెట్టకండమ్మా. ర్యాంకు తెచ్చుకున్న పిల్ల!

ఇక భూమి. అది మీ వారు సొంతంగా కొన్నదైతే ఎవరికివ్వాలన్నది ఆయన ఇష్టం. పెద్దల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే, మీది హిందూ కుటుంబమైతే, పాపకు అబ్బాయితో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉంది. ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే, 1986లో, మన రాష్ట్రం పెళ్లికాని ఆడపిల్లలకు ఆ వాటా ఇచ్చింది. 2005లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. పెళ్లిలో బంగారం పెట్టినంత మాత్రాన ఆ హక్కు తీరిపోదు. ఇప్పుడే ఇంట్లో దీని మీద గొడవ వద్దు. ఎప్పుడైనా పాపతో విడుదల పత్రం (ఆస్తిలో తన వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం) మీద సంతకం పెట్టించాలని చూస్తే మాత్రం ముందు లాయరుకు చూపించండి.

సీటు అలాట్‌మెంట్ ఆర్డర్ రాగానే ఫీజు వివరాల లెటర్, ఆధార్, పాన్, మీ వారి ఐటీ రిటర్నులు తీసుకుని బ్యాంకుకు వెళ్లండి. అంగడి వదిలి రావడం ఆయనకు కుదరకపోతే, తోడు సంతకం మీరు పెట్టొచ్చేమో మేనేజరును అడగండి. పాపను కూడా వెంట తీసుకెళ్లండి, రుణం ఆమె పేరు మీదే వస్తుంది.