తొడలో గడ్డ.. రెండు ల్యాబ్‌లు రెండు పేర్లు చెప్పాయి, ఏది నమ్మాలి?

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. కుడి తొడ వెనక గడ్డ ఎనిమిది నెలల్లో నిమ్మకాయంత నుంచి బత్తాయంత అయింది. అల్ట్రాసౌండ్‌లో కొవ్వు గడ్డ అన్నారు. సూది పరీక్షలో క్యాన్సర్ కణాలు లేవన్నారు. గత నెలలో నర్సింగ్ హోంలో ఆపరేషన్ చేసి తీసేశారు, సైజు 7 సెం.మీ. బయాప్సీలో ‘లో గ్రేడ్ స్పిండిల్ సెల్ సార్కోమా’ అని వచ్చింది. అవే స్లైడ్లు ఇంకో ల్యాబ్‌లో చూపిస్తే ‘షవానోమా, క్యాన్సర్ కాదు’ అన్నారు. వెంటనే కీమో మొదలుపెట్టాలని ఒకరు చెబుతున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: గడ్డ అసలు పేరు తేలేదాకా కీమో మొదలుపెట్టనివ్వకండి. అలాగని రెండో రిపోర్టు చూసి ఊరుకోనూ వద్దు. ఇప్పటికి రెండూ సగం రిపోర్టులే.

కండ, కొవ్వు, నరాల తొడుగు, రక్తనాళాల వంటి మెత్తని కణజాలంలో పుట్టే క్యాన్సర్లను సార్కోమాలంటారు. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఇవి సుమారు 1 శాతమే. అందులో మళ్లీ యాభైకి పైగా రకాలు. స్లైడ్లు చూసి జబ్బు పేరు తేల్చే పేథాలజిస్టు ఎంత అనుభవమున్నా కొన్ని రకాలను ఒకటి రెండుసార్లకు మించి చూసి ఉండరు. అందుకే అభిప్రాయాలు తేడా వస్తాయి. అంతమాత్రాన ఎవరో మోసం చేశారనుకోకండి.

‘స్పిండిల్ సెల్’ అనేది కణం ఆకారం. కణాలు పొడుగ్గా, రెండు కొసలా సన్నగా ఉన్నాయని అర్థం. షవానోమా అనే ప్రమాదం లేని నరం గడ్డలో అవే ఉంటాయి, మొండిదైన సైనోవియల్ సార్కోమాలోనూ అవే ఉంటాయి. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్, డెస్మాయిడ్, లియోమయోసార్కోమా అనే ఇతర గడ్డల్లోనూ అంతే. పొరపాటు రెండో వైపూ జరుగుతుంది. నాడ్యులర్ ఫేసియైటిస్ అనే గడ్డ వారాల్లోనే పెరుగుతుంది, కణాలు జోరుగా విభజన చెందుతూ కనిపిస్తాయి. అయినా అది క్యాన్సర్ కాదు.

వీటిని విడదీయాలంటే మామూలు రంగు వేసిన స్లైడు సరిపోదు, ఐహెచ్‌సీ మార్కర్లు (కణాల్లోని ప్రత్యేక ప్రొటీన్లను రంగుతో గుర్తించే పరీక్షలు) కావాలి. అదీ ఒకటి రెండు కాదు, ఒక వరుస. షవానోమా అయితే ఎస్100, సాక్స్10 రెండూ గడ్డంతటా గట్టిగా పాజిటివ్ రావాలి. ఎస్100 ఒక్కటే, అదీ అక్కడక్కడ వస్తే షవానోమా అనేయడం ప్రమాదం, ఎందుకంటే కొన్ని సైనోవియల్ సార్కోమాల్లోనూ అది వస్తుంది. సాలిటరీ ఫైబ్రస్ ట్యూమర్‌కు స్టాట్6, లో గ్రేడ్ ఫైబ్రోమిక్సాయిడ్ సార్కోమాకు మక్4, డెస్మాయిడ్‌కు బీటా కెటెనిన్, కండరం రకాలకు డెస్మిన్, ఎస్ఎంఏ చూస్తారు. అప్పటికీ తేలకపోతే ఫిష్ అనే జన్యు పరీక్ష ఉంటుంది. సైనోవియల్ సార్కోమాకు ఎస్ఎస్18, కొవ్వు సార్కోమాల్లో కొన్నింటికి ఎండీఎం2 చూస్తారు.

మార్కర్లు తప్పు చూపించడానికి ఇంకో కారణం ఆపరేషన్ థియేటర్లోనే మొదలవుతుంది. తీసిన గడ్డను దానికి పది రెట్ల పరిమాణంలో, కణజాలం పాడవకుండా కాపాడే 10 శాతం ఫార్మలిన్ ద్రవంలో వేయాలి. మన దగ్గర సెలైన్ డబ్బాలో వేసి బంధువుల చేతికిచ్చి ల్యాబ్‌కు పంపడం ఇంకా జరుగుతోంది. పెద్ద గడ్డను కోయకుండా అలాగే వేస్తే ఫార్మలిన్ నడిమధ్యకు అందేలోపు అక్కడి కణాలు పాడైపోతాయి. ఇంకోటి, గడ్డ పొడవులో సెంటీమీటరుకు ఒక బ్లాకు (మైనంలో పొదిగిన గడ్డ ముక్క) చొప్పున ముక్కలు తీయాలి. మీ రిపోర్టులో ‘గ్రాస్’ (గడ్డ కంటికి ఎలా కనిపించిందో రాసే భాగం) అన్న పేరా చూడండి. 7 సెం.మీ. గడ్డకు రెండు మూడు బ్లాకులే తీసి ఉంటే, మిగిలిన కణజాలం ఇంకా పారేయలేదేమో ఈరోజే ఫోన్ చేసి అడగండి. ఉంటే అదనపు బ్లాకులు తీయించవచ్చు.

మొదటి ల్యాబ్‌కు మీ వారి సంతకంతో లెటర్ ఇచ్చి మైనం బ్లాకులన్నీ, స్లైడ్లన్నీ తీసుకోండి. బ్లాకులు ఇవ్వబోమని వాళ్లంటే, పూత పూసిన స్లైడ్లపై రంగు వేయని కోతలు 15 దాకా అడగండి. సూది పరీక్ష స్లైడ్లు, అల్ట్రాసౌండ్ ఫిల్ములు, ఆపరేషన్ నోట్స్ కూడా కావాలి. గడ్డ కండ పైన ఉందా లోపలుందా, ముక్కలుగా వచ్చిందా మొత్తంగా వచ్చిందా అన్నది ఆ నోట్స్‌లోనే ఉంటుంది. బ్లాకుల మైనం 60 డిగ్రీల లోపే కరుగుతుంది. ఎండలో ఆపిన కారులోనో, బండి డిక్కీలోనో పెట్టకండి.

వీటిని సార్కోమాలు తరచూ చూసే పేథాలజిస్టుకు చూపించాలి. ముంబై టాటా మెమోరియల్, వెల్లూరు సీఎంసీ వంటి చోట్ల ఆ అనుభవం ఉంది. విశాఖలో టాటా వారిదే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. దగ్గర్లో మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ సెంటర్‌లో ముందు ఆంకాలజిస్టును (క్యాన్సర్ వైద్యుణ్ని) కలిసి, బ్లాకులు ఎక్కడికి పంపాలో నిర్ణయించుకోండి. రెండు మూడు వారాలు పడుతుంది. ఈ ఆలస్యం వల్ల జరిగే నష్టం కంటే తప్పు పేరుతో మొదలయ్యే వైద్యం వల్ల జరిగే నష్టం ఎక్కువ.

ఈలోగా తొడకు కాంట్రాస్ట్‌తో ఎంఆర్ఐ, ఛాతీకి సీటీ చేయించండి. సార్కోమాలు ముందుగా పాకేది సాధారణంగా ఊపిరితిత్తులకే. కుట్ల దగ్గర నీరు చేరినట్టుంటే సూదితో తీయించకండి, మర్దన చేయించకండి. కొవ్వు గడ్డ అనుకుని తీసేటప్పుడు పొర వెంబడే ఒలిచేస్తారు. సార్కోమా అయితే ఆ పొర బయట కూడా కణాలు మిగులుతాయి. కాబట్టి చుట్టూ ఆరోగ్యకరమైన కణజాలంతో కలిపి మళ్లీ ఆపరేషన్, రేడియేషన్ అవసరం కావచ్చు. ఎంఆర్ఐలో ఏమీ కనిపించకపోయినా సరే.

ఈ జవాబు చదివే మిగతావారికి ఒక మాట: 5 సెం.మీ. దాటిన గడ్డ, పెరుగుతున్న గడ్డ, కండ లోపలున్న గడ్డ.. వీటిలో ఏదైనా సరే ముందు ఎంఆర్ఐ, ఆ తర్వాత ట్రూకట్ అనే లావు సూదితో నాలుగైదు ముక్కలు తీసి బయాప్సీ చేయించాలి. సూది ఎక్కడ గుచ్చాలో తర్వాత ఆపరేషన్ చేసే సర్జనే చెప్పాలి. సన్న సూది పరీక్షలో విడి కణాలే వస్తాయి, అల్లిక కనిపించదు. అందులో ‘క్యాన్సర్ లేదు’ అని వచ్చినా పెద్ద గడ్డ విషయంలో అది చాలదు.

కొత్త రిపోర్టులో గడ్డ పేరు, ఒకటి నుంచి మూడు వరకు గ్రేడ్ (గడ్డ ఎంత దూకుడైనదో చెప్పే అంకె), అంచుల దూరం (కోసిన అంచుకు గడ్డ ఎంత దూరంలో ఉందో), మార్కర్ల ఫలితాలు ఉండాలి. కీమో అవసరమా అన్నది వీటిని బట్టే తేలుతుంది. గ్రేడ్ 1 అయితే చాలా రకాలకు ఆపరేషనే ప్రధాన వైద్యం. పెద్ద సైనోవియల్ సార్కోమా అయితే కీమో గురించి ఆలోచిస్తారు. ఆ రిపోర్టు, ఎంఆర్ఐ కలిపి సర్జన్, రేడియేషన్, కీమో నిపుణులు ముగ్గురూ కూర్చునే ట్యూమర్ బోర్డు ముందు పెట్టమని అడగండి.