తొలి సంచిక గీసే ముందు: యుద్ధ కామిక్‌పై ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: స్నేహితులం ఇద్దరం సైనిక సాహసాల కామిక్ సిరీస్ మొదలుపెట్టాం. మొదటి సంచిక 32 పేజీలు, కథానాయకుడు హవల్దార్. అతని పల్లె, భర్తీ ర్యాలీ, శిక్షణ, పెళ్లి, యుద్ధం అన్నీ పెడితే పేజీలు చాలడం లేదు. ఏం తీసెయ్యాలి?
– ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: యుద్ధం తప్ప అన్నీ తీసెయ్యండి. అందులోనూ ఒక్క పనే ఉంచండి: వంతెన పట్టుకోవడమో, గాయపడ్డ జవానును కొండ దించడమో. పేరు పేజీ, పాత్రల పరిచయం, వచ్చే సంచిక ప్రకటన పోగా కథకు 28 పేజీలు మిగులుతాయి. పేజీకి ఐదు ప్యానెళ్లనుకుంటే 140 బొమ్మలు. పోరు పేజీల్లో అవి మూడుకు తగ్గుతాయి కాబట్టి 120 దగ్గర ఆగుతారు. ఆ 120లో పెళ్లికి చోటు లేదు. ఇంటి సంగతి జేబులోని ఉత్తరంతో రెండు ప్యానెళ్లలో చెప్పొచ్చు, మిగతాది మూడో సంచికకో నాలుగో సంచికకో దాచుకోండి.

హవల్దార్ సాధారణంగా నడిపేది సెక్షన్, అంటే పదిమంది. హెల్మెట్లు పెట్టుకున్న పది ముఖాలు పాఠకుడికి గుర్తుండవు. నలుగురికే పేరు, మాట ఇవ్వండి. వాళ్లను ముఖంతో కాక ఆకారంతో వేరుచెయ్యండి: ఒకరి వీపున రేడియో సెట్టు ఏరియల్, ఒకరి భుజాన లైట్ మెషిన్‌గన్, ఒకరు మిగతావాళ్లకంటే తలెత్తు పొడవు. మొత్తం నల్లగా నింపినా ఎవరెవరో తెలియాలి.

మొదటి పేజీ కుడివైపు వస్తుంది కాబట్టి బేసి పేజీ చివర్లోనే పాఠకుడు కాగితం తిప్పుతాడు. అనుమానం బేసి పేజీ ఆఖరి ప్యానెల్లో, పేలుడు సరి పేజీ మొదటి ప్యానెల్లో పడాలి. 6, 7 పేజీల్లాంటి ఎదురెదురు పేజీల్లో దాచిన శత్రువును చూపిస్తే కథ అక్కడికి చేరకముందే కళ్లు చూసేస్తాయి.

ప్రశ్న: 1971 యుద్ధం మీద గీసిన పేజీలు చూసి మా ఊళ్లో ఒక మాజీ సైనికుడు చాలా తప్పులున్నాయన్నారు. ఫోటోలు చూసే గీశాం. ఎక్కడ తప్పుతాం?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ఆ ఫోటోలు ఏ ఏడాదివో చూసుకున్నారా? తప్పులు ఎక్కువగా అక్కడే పుడతాయి. 1971లో మన పదాతి దళం ప్రధాన ఆయుధం 7.62 మి.మీ. ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్). మ్యాగజైన్లో 20 తూటాలు, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే పేలుతుంది. దాని పక్కన ‘దడదడదడ’ అని రాయకూడదు, ఆ చప్పుడు మెషిన్‌గన్‌ది. 5.56 మి.మీ. ఇన్సాస్ రైఫిల్ 1999 కార్గిల్ కథలకు పనికొస్తుంది. అది కూడా ఒక్కొక్కటిగా, లేదంటే మూడేసిగా పేలుస్తుంది. ఇప్పటి డిజిటల్ మచ్చల యూనిఫాం 2022 జనవరి 15న, సైనిక దినోత్సవం నాడు తొలిసారి కనిపించింది. మీ కథకు మచ్చల్లేని ఆలివ్ గ్రీన్ వేయండి.

హోదా గుర్తుల్లో అందరూ తడబడేది రెండు నక్షత్రాల దగ్గర. లెఫ్టినెంట్‌కూ రెండే, సుబేదార్‌కూ రెండే. సుబేదార్‌కు వాటితోపాటు ఎరుపు–పసుపు–ఎరుపు పట్టీ ఉంటుంది. అది మరిచిపోతే పాతికేళ్ల సర్వీసున్న మనిషి నిన్న చేరిన కుర్ర ఆఫీసరైపోతాడు. హవల్దార్‌కైతే నక్షత్రాలుండవు, చేతి మీద మూడు ‘వి’ గీతలు చాలు.

మరో తప్పు కంప్యూటర్ వల్ల వస్తుంది. కూర్పు బాగుంటుందని బొమ్మను అద్దంలోలా తిప్పేస్తారు. పతకాలు ఎడమ ఛాతీ మీద నుంచి కుడికి పోతాయి, ఎస్‌ఎల్‌ఆర్‌లో కుడివైపు ఎగరాల్సిన ఖాళీ తూటా తొడుగు ఎడమకు ఎగురుతుంది. సైన్యంలో పనిచేసినవాళ్ల కన్ను ముందు అక్కడే పడుతుంది. తిప్పకండి, మళ్లీ గీయండి.

శబ్దం సంగతీ చూసుకోండి. తూటా శబ్దం కన్నా వేగంగా వెళ్తుంది. సుమారు 340 మీటర్ల దూరం నుంచి కాల్చితే తూటా అర సెకను లోపే చేరుతుంది, తుపాకీ మోత చేరడానికి ఒక సెకను పడుతుంది. దెబ్బ తప్పించుకున్న జవానుకు ముందు చెవి పక్కన ‘ఠప్’, తర్వాత దూరంగా ‘ధమ్’ వినిపిస్తాయి. ఆ రెంటి మధ్య ఒక మౌన ప్యానెల్ పెట్టండి. ఏ పెద్ద పేలుడు బొమ్మకూ రాని బిగువు అక్కడ వస్తుంది.

ప్రశ్న: మల్కన్‌గిరి అడవిలో ఆర్మీ మేజర్ మావోయిస్టులతో పోరాడే కథ రాశాను. సరేనా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: మేజర్‌ను మార్చాలి. ఆ పోరాటంలోకి దిగింది ఆర్మీ కాదు, పోలీసులూ కేంద్ర సాయుధ దళాలూ: ఒడిశా పోలీసుల ఎస్‌ఓజీ (స్పెషల్ ఆపరేషన్స్ గ్రూప్), సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, ఆంధ్ర వైపు నుంచి 1989లో ఏర్పడ్డ గ్రేహౌండ్స్ పోలీసు దళం. గడ్చిరోలి కథైతే మహారాష్ట్ర పోలీసుల సీ–60 కమాండో దళం. సీఆర్‌పీఎఫ్‌లో మేజర్లు, సుబేదార్లు ఉండరు. అసిస్టెంట్ కమాండెంట్, ఇన్‌స్పెక్టర్, హెడ్ కానిస్టేబుల్ ఉంటారు. ఊరివాళ్లను తూటాల మధ్య నిలబడ్డ బొమ్మలుగా మాత్రం వాడకండి, వాళ్లకూ ఒక ప్యానెల్, ఒక మాట ఇవ్వండి.

ప్రశ్న: ఇంట్లో బాగున్న మాటలు ప్రెస్సులో వత్తులు విడిపోయి వచ్చాయి. రాత్రి దృశ్యాలన్నీ నల్లటి మరకలయ్యాయి.
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో) టైప్ చేసిన ఫైలును ఆ ఫాంట్లు లేని ప్రెస్సులో తెరిస్తే తెలుగు పోతుంది. అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌కు మారండి. మాటలకు మండలి, కేకలకు రామభద్ర బాగుంటాయి, రెండూ ఉచితం. పాత ఫోటోషాప్‌లో వత్తులు విడిపోతుంటే టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఇంజిన్ ఎంచుకోండి. పంపే ముందు అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా (ఫాంటు అక్కర్లేని గీతలుగా) మార్చి, పీడీఎఫ్‌గానే ఇవ్వండి. తెలుగుకు పైన గుడి, కింద వత్తు ఉన్నాయి కాబట్టి వరసల మధ్య దూరం అక్షరం సైజుకు 1.3 రెట్లకు తగ్గకూడదు. మాటల బెలూన్‌లో 15 మాటలు దాటితే రెండుగా విడగొట్టండి.

నల్లటి మరకలకు కారణం కాగితం. మ్యాప్‌లిథో (నునుపు పూత లేని కాగితం) సిరాను పీల్చుకుంటుంది, ముదురు ఆకుపచ్చ మీద ముదురు నీలం పడితే రెండూ ఒకటే అవుతాయి. పేజీని నలుపు–తెలుపులోకి మార్చి, అగ్గిపెట్టె సైజుకు తగ్గించి చూడండి. మనిషి వెనక చెట్టులో కలిసిపోతే ఆకాశం రంగును ఒక మెట్టు లేత చెయ్యండి. అక్షరాలకు నలుపు ఒక్కటే వాడండి. నాలుగు రంగులు కలిపిన నలుపులో సన్నటి గీతలు పక్కకు జరిగి మసకబారతాయి.

20×30 అంగుళాల షీట్ రెండు వైపులా కలిపి 7¼×9½ సైజు పేజీలు 16 వస్తాయి. అందుకే 32 పేజీలకు రెండు షీట్లు సరిపోతాయి. 36 చేస్తే ఇంకో పావు షీట్ కావాలి, ఖర్చు పెరుగుతుంది. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు), కటింగ్ గీతకు 10 మి.మీ. లోపలే బెలూన్లు.

ప్రశ్న: గోపాల్‌పూర్‌లోని ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కళాశాల దగ్గరికి వెళ్లి విమాన విధ్వంసక తుపాకులు గీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఛత్రపురం

జవాబు: వద్దు. నిషిద్ధ ప్రాంతాల స్కెచ్చులు గీయడం 1923 నాటి అధికార రహస్యాల చట్టం కిందికి రావచ్చు. గణతంత్ర దినోత్సవ కవాతు ఫోటోలు, ప్రభుత్వం విడుదల చేసిన చిత్రాలు సరిపోతాయి. నిజమైన ఇనుమును కళ్లారా చూడాలంటే విశాఖ బీచ్ రోడ్డులో కుర్సుర జలాంతర్గామి, టీయూ–142 విమానం ప్రదర్శనకు ఉన్నాయి. రివెట్లు, అతుకులు, తలుపుల మందం అక్కడ స్కెచ్ చేసుకోండి.